మా మండువలో ఎండని కాగు

మా మండువను పడగొట్టకుండా నిలబెడతారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఆడబిడ్డ కూతురు. సూర్యాపేట బస్సు దిగి, భుజాన సంచి కూడా దించకుండా, వంటింటి గడప మీద కూలబడి చెప్పింది. నేను పప్పుకు పోపు పెడుతున్నాను. వింటూ గరిటె పట్టుకుని అట్లాగే ఉండిపోయాను, ఆవాలు నల్లగా మాడిపోయాయి. ఆ రోజు ఇంటిల్లిపాదీ చేదు పప్పే తిన్నారు.

"అత్తా, మండువను కూలగొట్టరు. ఎట్లున్నదో గట్లనే ఉంచుతరు. పెంకులు, దూలాలు, కాగులు, అన్నీ."

"ఎవలే ఉంచేది?"

"మేమే. మా ఆఫీసోళ్లు ఒప్పుకున్నరు. ఇగ అమ్మమ్మ ఒప్పుకుంటే అయిపోయినట్టే."

వాకిట్లో బియ్యం చెరుగుతున్న మా అత్తమ్మ తలెత్తకుండానే అంది: "అమ్మమ్మకు కండ్లే పోయినయ్, చెవులు మంచిగనే ఉన్నయ్. నన్ను అడిగేది నన్నే అడుగు."

మండువ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. తాళ్ల మీది నుంచి, అంటే తాటిచెట్ల మీది నుంచి, దించిన కల్లును తెచ్చి, పెద్ద పెద్ద కాగుల్లో నింపి, వచ్చినవాళ్లకు ముంతలతో పోసే చోటు అది. మాది గౌడ కుటుంబం. ఊరు కోదాడ నుంచి అనంతగిరి పోయే తోవలో ఉంది. మండువ మా ఇంటి గోడను ఆనుకునే ఉంటుంది. రాతి గోడలు, టేకు దూలాలు, గూన పెంకులు. లోపల రెండు పక్కలా రాతి అరుగులు, ఎన్ని తరాలు కూర్చున్నారో గానీ చేయి వేస్తే జారిపోయేంత నునుపెక్కాయి. మధ్యన మట్టి దిమ్మెల మీద కాగులు వరుసగా ఉంటాయి. తూర్పు మూల గూట్లో కాటమయ్య స్వామి. తాడెక్కేవాడిని పడకుండా కాచేది ఆయనే కాబట్టి మా ఇళ్లల్లో ఆయన తర్వాతే ఎవరైనా.

మండువలో చెట్టు పని మగవాళ్లది, కాగు పని ఆడవాళ్లది. కల్లు పోసేది, ఎవడికి ఎంత చాలో చూసి "ఇగ లే, ఇంటికి పో" అనేది మా అత్తమ్మే. ఆమె గొంతు వింటే ఎంత పెద్ద ఆసామీ అయినా తువ్వాల భుజాన వేసుకుని లేచేవాడట. చిత్రమేమిటంటే ఆమె జన్మలో కల్లు తాగలేదు. వేలు ముంచి నాలుక కొసన పెట్టుకుని చూడటం, అంతే. ఆ ఒక్క చుక్కతో కల్లు ఏ చెట్టుదో, చెట్టుకు లొట్టి, అదే కల్లు కుండ, కట్టిన మనిషి తొందరపడ్డాడో లేదో చెప్పేది.

చెట్లు పోయి ప్లాట్లు లేచాక, గీసేవాళ్లు ఒక్కొక్కరే వేరే పనులు చూసుకున్నాక, అమ్మకం ఆగిపోయింది. మా మరిది మాత్రం రెండు చెట్లు గీస్తూ ఉన్నాడు. ఆ కల్లు పోసుకునే ఒక్క కాగు మిగిలింది. మిగతావి ఎప్పుడో ఎండిపోయి సాలెగూళ్లు పట్టాయి.

ఆ ఒక్క కాగు సంగతి ముందే చెప్పాలి. దాన్ని ఎప్పుడూ పూర్తిగా వంచేవాళ్లం కాదు. ఎంత తీసినా అడుగున కొంచెం కల్లు విడిచిపెట్టి, మర్నాడు దాని మీదే కొత్త కల్లు పోయాలి. ఆ అడుగు కల్లు తగిలితేనే పొద్దున తియ్యగా దిగింది ఎండెక్కేసరికి నురగెత్తి, మా ఇంటి పులుపు పట్టుకుంటుంది. అత్తమ్మ కోడలిగా వచ్చిన రోజుల్లో వాళ్ల అత్త ఆమె చేయి పట్టి కాగులో పెట్టి, "ఇది ఎండితే మన ఇల్లు ఎండినట్టే" అన్నదట. నా పెండ్లయ్యాక అత్తమ్మ నా చేయి కూడా అట్లాగే పెట్టించింది. చల్లగా, జిగటగా, లోపల ఏదో ఊపిరి తీస్తున్నట్టు అనిపించింది. నేను భయపడి చేయి వెనక్కి తీసుకుంటే అందరూ నవ్వారు.

ఇంతకూ మా మేనకోడలికి ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందంటే, జపాన్‌లో. పాత ఇండ్లను బాగుచేసే చదువు చదివింది ఆ పిల్ల. హైదరాబాద్‌లో అదే పని. ఆ పని మీద కొన్నాళ్లు జపాన్ పంపితే, అక్కడ బియ్యంతో సాకే అనే పానీయం తయారుచేసే ఒక పాత ఇంటికి తీసుకుపోయారట. తరతరాల నాటి ఇల్లు. దాన్ని తమ దేశపు ఆస్తి అని ప్రకటించి, దూలం కదలకుండా కాపాడుకుంటున్నారట. ఫోన్లో బొమ్మలు తీసుకొచ్చింది. అత్తమ్మకు కనిపించవు కదా, అందుకని నేను చూసి చెబుతుంటే పిల్ల పక్కనుంచి సరిదిద్దింది.

తెల్లని గోడలు, పొగబారి నల్లబడిన కొయ్య. మనిషిని మించిన ఎత్తున్న చెక్క తొట్లు, వాటికి వెదురు కట్లు. ఎక్కడానికి నిచ్చెనలు. ఒక మూల గూట్లో చిన్న దేవుడు, ముందర గడ్డితో పేనిన తాడు.

"వాళ్లకు గూడ గూట్లనే ఉన్నడా దేవుడు?" అంది అత్తమ్మ. ఆ మాటతో ఆమెకు ఆ ఊరివాళ్లంటే గురి కుదిరింది. "మరి బియ్యం పెట్టి చేసుడేంది? తాళ్లు లేవా?"

"లేవు అమ్మమ్మా."

"అయ్యో పాపం."

ఆ ఇంటి చూరుకు ఏదో చెట్టు ఆకులతో కట్టిన పెద్ద బంతి వేలాడుతోంది. పచ్చటి బంతి కడితే కొత్త సాకే దిగిందని ఊరికి గుర్తట. అది ఎండి గోధుమరంగుకు తిరిగే నాటికి లోపలిది కూడా పక్వానికి వస్తుందట. అత్తమ్మ విని, "మనకు గవన్నీ ఎందుకు? మండువ తెరిస్తే ఈగలే చాటింపు ఏస్తయ్" అంది.

తెల్లవారుజామునే అక్కడ బియ్యం ఆవిరికి పెడతారని పిల్ల చెబుతున్నప్పుడు నా మనసు మిర్యాలగూడకు పోయింది. నేను పుట్టింది అక్కడే. నాయన రైస్ మిల్లులో పనిచేసేవాడు. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెట్టేటప్పుడు లేచే ఆవిరి మా వాడ మీద దుప్పటిలా పరుచుకునేది. నేను బడి ముఖం చూడలేదు. బస్తాల మీద నల్ల సిరాతో అచ్చొత్తిన అక్షరాలను నాయన ఒక్కొక్కటే వేలితో చూపించి చదివించాడు. నా మొదటి పుస్తకం గోనెసంచి. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. ఇప్పుడు మా ఇంటాయన కూడా అక్కడే ఒక మిల్లులో ఉంటాడు, ఆదివారం ఆదివారం ఇంటికి వస్తాడు. ఆయన చొక్కా ఉతికేటప్పుడు కూడా ఆ ఆవిరి వాసనే. ఎక్కడో సముద్రాల అవతల కూడా తెల్లారి లేచి అదే వాసన పీల్చేవాళ్లు ఉన్నారని తెలిస్తే నాకు ఎందుకో కళ్లు చెమ్మగిల్లాయి.

"ఒకటి చెప్త, నవ్వొద్దు" అంది పిల్ల. "వాళ్లు ఒక తీరు గింజల్ని పులియబెట్టి పొద్దున అన్నంల తింటరు. తీగ సాగుతది. అది తిన్నోళ్లను సాకే గదిలకు రానియ్యరు. ఆ పులుపు ఈ పులుపును పాడుచేస్తదని. నాకేం తెలుసు? హోటల్ల పెట్టిన్రు, తిన్న. గుమ్మం కాడనే ఆపిన్రు నన్ను. అందరు లోపల, నేనొక్కదాన్నే చెప్పులకాడ."

అత్తమ్మ తొడ చరుచుకుని నవ్వింది. "మంచిగైంది! సబ్బు చేతుల్తోని కాగు ముట్టొద్దని నీ చిన్నప్పుడు ఎన్నిసార్లు కొట్టిన్నే నేను? గాడ గూడ కొట్టెటోళ్లు ఉండాలె."

"ఆ పెద్దాయన ఒక మాట చెప్పిండు అమ్మమ్మా. సాకేను పండించేది దూలాల్ల ఉంటదట, కంటికి కనపడదట. గందుకే ఇల్లు బాగుచేసినప్పుడు పాత దూలాల్ని కడగనన్నా కడగలేదట."

అత్తమ్మ నవ్వు ఆపింది. చేటను పక్కన పెట్టింది. తర్వాత తన మనసులో మాట చెప్పింది.

"ఉంచుడు మంచిదే బిడ్డా. నాకు సంతోషమే. కని ఆ ఇల్లు నాది గాదు, కాటమయ్యది. మా అత్త నాకు అప్పజెప్పింది, నేను కాపలా ఉన్న. ఇంకొకళ్లకు అప్పజెప్పాల్నంటే ఆయన్ను అడగాలె."

"ఎట్ల అడుగుతవ్?"

"పనంతా అయినంక, కాగును మళ్ల దాని జాగల పెట్టి కల్లు పోస్త. పొంగిందా, ఆయనకు ఇష్టమే. తాళంచెవి నీ చేతుల పెడ్త. పొంగలేదా, తాళంచెవి నా కొంగుకే ఉంటది. నేను పొయ్యేదాక ఎవ్వరికీ ఇయ్య."

"అది రోజూ పొంగుతనే ఉంటది గద!"

"మరి నీకెందుకే బుగులు?"

పిల్ల నవ్వుతూ ఒప్పుకుంది. నేను మాత్రం నవ్వలేకపోయాను. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు అత్తమ్మ గూటి ముందు నిలబడి స్వామితో మాట్లాడటం నేను విన్నాను. "నా తర్వాత నీకు ఎవరు పోస్తరో అని పరేషాన్ అయితున్న. పిల్ల మంచిది. నీకు కోపమైతే జర ముందే చెప్పు" అంటోంది. తన చేతిలో పెట్టిన ఇంటిని వదులుకోవడానికి ఆమెకు దైవం దగ్గర నుంచి ఒక్క సెలవు కావాలి. మిగతాదంతా ఆమెకు లెక్కలోనిది కాదు.

పని మొదలైంది. పెంకులు దింపి, మంచివి ఏరి, మళ్లీ కప్పారు. చెద పట్టిన వాసాలు మాత్రమే మార్చారు. సిమెంటు ముట్టలేదు. సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు కలిపి గానుగలో నూరిన డంగు సున్నంతోనే గోడలు మెత్తారు. మా మేనకోడలు చేతులకు ఎప్పుడు చూసినా సున్నమే. రాత్రి నేను కొబ్బరినూనె రాస్తే మంట అని అరిచేది, మర్నాడు పొద్దున్నే మళ్లీ దాంట్లోనే చేతులు పెట్టేది. పనివాళ్లకు అన్నం నేనే వండాను. ఆ రోజుల్లో మండువలో మళ్లీ మనుషుల మాటలు, దగ్గులు, నవ్వులు వినబడుతుంటే అత్తమ్మ గోడకు చెవి ఆనించి కూర్చునేది. కాగు మా ఇంటి వసారాలో ఉండేది, రోజూ కల్లు పడుతూనే ఉంది.

పని ముగింపుకు వచ్చేసరికి అత్తమ్మ కండ్ల ఆపరేషన్ వచ్చి పడింది. ఎన్నాళ్ల నుంచో పొరలు కమ్మి ఉన్నాయి. "మండువ తెరిచేనాడు నువ్వు సూడకపోతే ఎట్ల అమ్మమ్మా" అని పిల్ల పోరు పెట్టి ఒప్పించింది. సూర్యాపేట దవాఖానకు నేనే తీసుకుపోయాను. ఆపరేషన్ అయ్యాక మా ఆడబిడ్డ ఇంట్లో ఉన్నాం. కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ "ఎవరు కనపడుతున్నారో చెప్పమ్మా" అంటే, అత్తమ్మ ఎదురుగా ఉన్న కూతురిని తేరిపార చూసి, "ఏందే, గింత ముసలిదానివైనవ్?" అంది. మా ఆడబిడ్డ ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. నాకైతే ఆ గది గుడిలా తోచింది. పోయిన చూపు తిరిగి రావడం కంటే మహిమ ఏముంటుంది? ఆ డాక్టరమ్మ చేతులకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

నల్ల అద్దాలు పెట్టుకుని ఊళ్లో దిగిన అత్తమ్మను చూసి మా మరిది, "అమ్మా, సిన్మల చేస్తవా ఏంది?" అన్నాడు. తెల్లారితే మండువ తెరవాలి. కోదాడ నుంచి, హైదరాబాద్ నుంచి పెద్దమనుషులు వస్తామన్నారు. కాగు అప్పటికే లోపల దాని దిమ్మె మీద కూర్చుని ఉంది, బయటంతా ఎర్రగా జాజు పూసి. పిల్ల ముఖం వెలిగిపోతోంది. "నీ కండ్లకు మంచిగ కనపడాల్నని నేనే సోకు చేసిన" అంది. అత్తమ్మ కాగును అన్ని పక్కలా తడిమి, మా మరిది అప్పుడే దించి తెచ్చిన లొట్టిని తన చేత్తోనే దాంట్లో వంచి, గుడ్డ కప్పి, అరుగు మీద కూర్చుంది.

ఎండ నడినెత్తికి వచ్చింది. గుడ్డ కదలలేదు.

"జర చల్లగున్నది గదనే లోపల, అందుకే" అంది అత్తమ్మ. ఇంకాసేపు చూసి గుడ్డ తీసింది. నురగ లేదు, నీళ్లలా తేటగా ఉంది. వేలు ముంచి నాలుకకు ఆనించింది. ఆమె ముఖంలో రంగు పోయింది.

"పాయసం లెక్క ఉన్నది" అంది మెల్లగా.

పొద్దు వాలేదాకా చూశాం. అట్లాగే ఉంది. మా మరిది లొట్టిలో మిగిలిన కాస్త కల్లు మాత్రం బయట బుసబుసా పొంగి కారిపోతోంది. ఒకే చెట్టుది, ఒకే పూటది. అది చూశాక అత్తమ్మకు ఇంక సందేహం లేకపోయింది. కొంగున ఉన్న తాళంచెవికి ఇంకో ముడి వేసుకుంది.

"ఆయనకు ఇష్టం లేదు. వచ్చెటోళ్లకు రావొద్దని చెప్పు బిడ్డా."

"అమ్మమ్మా, ఒక్కనాడు పొంగకపోతే..."

"నేను అడిగిన. ఆయన చెప్పిండు. ఇగ ఖతం." కోపంగా అని ఉంటే మాకు ధైర్యంగా ఉండేది. ఆమె గొంతులో కోపం లేదు. నల్ల అద్దాల కిందనుంచి నీళ్లు కారుతున్నాయి, ఆపరేషన్ చేసిన కళ్లు ఏడవకూడదని డాక్టరమ్మ చెప్పింది. అన్నం వద్దంది. ఇంట్లోకి పోయి గోడవైపు తిరిగి పడుకుంది.

నేను మండువలో దీపం పెట్టడానికి వెళ్లాను. నాకు ఏడుపు వస్తే చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి తుడుస్తాయి. కాగు మూతి చుట్టూ చీరకొంగుతో తుడిచాను. కొంగుకు తెల్లగా అంటింది. వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. చురుక్కుమంది. కిళ్లీలో సున్నం ఎక్కువైతే పొక్కినట్టు.

పిల్లను పిలిచాను. "కాగును దేంతోని కడిగినవే?"

"సబ్బు పెట్టలే అత్తా, ఒట్టు! లోపలంత నల్లగ జిడ్డు పట్టి ఉండె. అడుగున ఉన్నది పారబోసి, సున్నపు తేటతోని రెండుసార్లు..." అని ఆగిపోయింది. గుమ్మంలో నిలబడి వింటున్న మా మరిది తల పట్టుకున్నాడు.

"ఓ బిడ్డా! నీరా దించేటప్పుడు లొట్టికి సున్నం ఎందుకు పూస్తమే? పులవొద్దనే గద! సున్నం తగిలితే కల్లు సచ్చినా పొంగది."

సూర్యాపేటలో పెరిగిన పిల్లకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? గోడలకు ప్రాణం పోసిన సున్నమే కాగుకూ మంచిదనుకుంది. అమ్మమ్మ కొత్త కళ్లకు కాగు మెరవాలనుకుంది. అక్కడే నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను దాన్ని లేపి అత్తమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

అంతా విని అత్తమ్మ లేచి కూర్చుంది. "సున్నమా?" అంది. "సున్నమేనా?" మళ్లీ అంది. తర్వాత కాటమయ్య గూడు ఉన్న దిక్కుకు చేతులు జోడించింది. "అలగలేదా అయ్యా నువ్వు! నేనే తప్పు నీమీద పెట్టిన." ఆ తర్వాత మనవరాలి చెవి పట్టుకుంది. "సముద్రాలు దాటిపోయి దూలం గూడ కడగొద్దని నేర్సుకొని వచ్చి, ఇంట్ల కాగుకు సున్నం కొట్టినవానే? గాడ చెప్పులకాడ ఆపినోళ్లు నిన్ను గాడనే ఉంచుకోవాలె!" పిల్ల ఏడుపులోనే నవ్వింది.

కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అడుగు కల్లు పారబోశారు కదా. చింతపండు రసంతో తోమి సున్నం వదిలించవచ్చు, కాగు బాగుపడుతుంది. కొత్త కల్లు ఎట్లాగూ ఒకనాటికి దానంతటదే పులుస్తుంది. కానీ అది మా అత్తమ్మకు వాళ్లత్త అప్పజెప్పినది కాదు. మోతెలో చుట్టాల ఇంటి నుంచి కాస్త పులిసింది తెస్తానని మా మరిది అంటే, "అది వాళ్లింటి పులుపురా. దాన్ని తెచ్చి మనదని ఆయన ముందల పోయాల్నా?" అంది. చేతులు ఊరుకోక నేను చింతపండు నానబెట్టి కాగు తోమడం మొదలుపెట్టాను.

ఆ రాత్రే ఇడ్లీ చిన్నమ్మ అత్తమ్మ కళ్లు చూడటానికి వచ్చింది. ఊరంతా ఆమెను అట్లాగే పిలిచేవాళ్లు. బస్టాప్ దగ్గర ఇడ్లీ బండి ఆమెది. మాలవాడ చివర ఇల్లు, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. కమలాపండ్లు తెచ్చి అత్తమ్మ ఒళ్లో పెట్టి, "దేవుడు నీకు చూపిచ్చిండక్కా, ప్రతి ప్రార్థనల నీ పేరు చెప్పిన" అంది. ఇంట్లో అందరి ముఖాలు చూసి ఏమైందని అడిగింది. మా మరిది చెప్పాడు. ఆమె వినీవినగానే లేచి వెళ్లిపోయింది. తొందర పని ఏదో ఉందనుకున్నాం. కాసేపటికి కొంగు కింద ఒక మట్టి కుండ దాచుకుని మళ్లీ వచ్చింది. మూత తీసింది. ఇడ్లీ పిండి. పుల్లటి వాసన ఇల్లంతా కమ్ముకుంది.

"ఏందే ఇది?" అంది అత్తమ్మ.

"నీదే."

"నాదేంది?"

"మండువ బందు కాకముందు ఒక చలికాలం నా పిండి పొంగకపాయె. బండి పెట్టుకున్న కొత్తల. ఇడ్లీలు రాళ్ల లెక్క వస్తుంటే ఏడుసుకుంట నీ దగ్గరికి వచ్చిన. నువ్వు ఈ కాగులకెళ్లి ఒక ముంత పోసి, పిండిల కలుపుకో పో అన్నవ్. యాదికున్నదా?"

"లేదు."

"నాకు యాదికున్నది. ఆ పొద్దు నా ఇడ్లీ పువ్వు లెక్క వచ్చింది. గప్పటి సంది రోజూ కొంచెం పాత పిండి ఉంచి కొత్తదాంట్ల కలుపుతున్న. ఒక్కపూట ఎండనియ్యలె. మనుమరాలి పెండ్లికి పోయిన్నాడు గూడ బుడ్డిల పోసుకొని వెంట తీస్కపోయిన. నీ కల్లు లేకుంటే నా ఇడ్లీకి ఆ పొంగు ఎక్కడిది?"

అత్తమ్మ నల్ల అద్దాలు తీసేసింది. తీయవద్దని చెప్పినా వినలేదు. కుండను రెండు చేతుల్లోకి తీసుకుని, పిండి మీద తేరిన నీళ్లలో వేలు ముంచి, నాలుక కొసన పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

"మినుములు, బియ్యం, ఉప్పు" అంది. మళ్లీ ఒకసారి చూసింది. "వెనక ఉన్నది. మా అత్త ఉన్నది వెనక."

ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. ఇడ్లీ చిన్నమ్మ గొంతు తగ్గించి, "మా పాస్టరుగారికి మాత్రం చెప్పకు. కిస్మసుకు ఆయనింటికి నా ఇడ్లీలే పోతయ్" అంది. అత్తమ్మ, "ఆయన గంత మంచిగ వాక్యం చెప్తడంటే నేనేమో అనుకున్న" అంది. ఆ ఇంట్లో ఆ రోజు మొదటిసారి అందరం గట్టిగా నవ్వాం. మా మేనకోడలు, "అమ్మమ్మా, ఇగ మనది గూడ బియ్యం కల్లే" అంటే, "నోరు మూసుకొని చింతపండు పిసుకు" అంది అత్తమ్మ.

కాగును పులుసుతో తోమి, మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, పిండి మీది పులిసిన నీళ్లు అడుగున పోశాం. ఇడ్లీ చిన్నమ్మ చేతే పోయించింది అత్తమ్మ. ఆమె ముందు వద్దంది. "మీ దేవుని జాగ గదా అక్కా, నేనెట్ల?" అంటే, "నువ్వు కాసినదాన్ని నువ్వే పొయ్యాలె" అని చేయి పట్టి పోయించింది. ఒకప్పుడు వాళ్లత్త తన చేయి పట్టినట్టే.

పొద్దున మా మరిది చెట్టు దిగి నేరుగా వచ్చాడు. కొత్త కల్లు పోసి గుడ్డ కప్పాం. కోదాడ నుంచి కార్లు వచ్చాయి, పెద్దమనుషులు అరుగుల మీద కూర్చున్నారు, ఎవరో మైకు సరిచేస్తున్నారు. అత్తమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. కాగుకు చెవి ఆనించి వంగి ఉంది. ఉపన్యాసం సగంలో ఉండగా ఆమె చేయి పైకెత్తి "ఆగున్రి" అంది. అందరూ ఆగారు. సన్నగా, చింతాకు మీద వాన పడ్డట్టు సుయ్యిమనే చప్పుడు. చూస్తుండగానే గుడ్డ మధ్యలో చిన్నగా పైకి లేచింది, తడిసింది, అంచుల వెంట తెల్లటి నురగ కారింది.

మొదటి ముంత కాటమయ్యకు పోసింది అత్తమ్మ. తర్వాత కొంగు ముళ్లు విప్పింది. రెండో ముడి గట్టిగా పడి రాకపోతే పంటితో విప్పింది. తాళంచెవి మనవరాలి చేతిలో పెట్టి, "ఆయన ఇచ్చిండు, తీస్కో" అంది.

మండువ ఇప్పుడు తెరిచే ఉంటుంది. బడిపిల్లలు వస్తారు, దూరం నుంచి కూడా వస్తారు. అత్తమ్మ గుమ్మం దగ్గర కూర్చుని సబ్బు చేతులు ఉన్నాయేమో అని అందరినీ అడుగుతుంది. గోడ మీద ఒక పలక పెట్టారు. కట్టించినవాళ్లు, బాగుచేసినవాళ్లు, సాయం చేసినవాళ్లు అందరూ దాని మీద ఉన్నారు. ఇడ్లీ చిన్నమ్మ లేదు. రాయిస్తామంటే ఆమే ఒప్పుకోలేదు, పాస్టరుగారికి తెలిసిపోతుందని. పోయిన చలికాలంలో ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. సమాధి దగ్గర మా అత్తమ్మ, చిన్నమ్మ కోడలు పక్కపక్కన నిలబడి ఏడ్చారు. పలక మీద లేదు కాబట్టి నేను ఇక్కడ రాసుకుంటున్నాను. మీరు ఏ దేవుణ్ని మొక్కుకునేవారైనా సరే, మీ మొక్కులో ఒక్క మాట ఆమె కోసం చెప్పండి. అడగకుండానే మాది మా కోసం దాచిపెట్టిన ఆ ఇడ్లీ చిన్నమ్మను తలుచుకోండి.